బెంగళూరులో రెండు రోజులు: మంచి క్రాఫ్ట్ బీరు, మంచి తిండి వెతుక్కోవడం ఎలా

"శని, ఆదివారాలు బెంగళూరు వెళ్తున్నాం. మంచి క్రాఫ్ట్ బీరు ఎక్కడ దొరుకుతుంది? ఎక్కడ తినాలి?" హైదరాబాదు నుంచి, విజయవాడ నుంచి, తిరుపతి నుంచి మిత్రులు నన్ను ఎప్పుడూ అడిగే ప్రశ్న ఇదే. క్రాఫ్ట్ బీరు అంటే చిన్న బ్రూవరీల్లో కొద్దికొద్దిగా కాచే బీరు. మొదట్లో నాలుగైదు పేర్లు చెప్పి పంపేవాణ్ణి. తిరిగి వచ్చినవారిలో సగం మంది పెదవి విరిచేవారు. నాకు ఎంతో నచ్చిన చోట్లు వాళ్లకు ఎందుకు నచ్చలేదా అని ఆరా తీశాను. శనివారం రాత్రి 9 గంటలకు పబ్బుకు వెళ్లి బయట గంటసేపు నిలబడ్డామన్నారు. లోపల పాటల హోరులో ఏది అడిగామో, ఏది వచ్చిందో తెలియలేదన్నారు. ఆదివారం 10 గంటలకు లేచి దోసె కోసం వెళ్తే వరుస వీధి మలుపు దాటిందన్నారు.

అప్పటి నుంచి పేర్లు చెప్పే ముందు వేళలు చెప్తున్నాను. బెంగళూరులో ఎక్కడికి వెళ్లారన్నదాని కన్నా ఎన్ని గంటలకు వెళ్లారన్నదే మీ రుచిని నిర్ణయిస్తుంది. కింద రాసినదంతా ఆ ఒక్క మాట మీద నడుస్తుంది.

21 ఏళ్లు నిండి, ఇప్పటికే మితంగా తాగే అలవాటు ఉన్నవారి కోసమే ఇది రాస్తున్నాను. అలవాటు లేనివారు ఈ ప్రయాణం కోసం మొదలుపెట్టనక్కర్లేదు. ఆ ఊరి తిండి ఒక్కటే రెండు రోజులకు సరిపోతుంది. గర్భిణులు, మందులు వాడుతున్నవారు, కాలేయం జబ్బు ఉన్నవారు బీరు సంగతి పూర్తిగా వదిలేయాలి.

కావలసినవి

- వయసు తెలిపే అసలు గుర్తింపు కార్డు. తలుపు దగ్గర అడుగుతారు. ఫోనులో తీసిన ఫొటోను కొన్నిచోట్ల ఒప్పుకోరు.
- మెట్రో స్టేషనుకు నడిచి వెళ్లగలిగే దూరంలో బస.
- మెట్రో కార్డు, లేదా ఫోనులో టికెట్టు తీసుకునే ఏర్పాటు.
- కొంత నగదు, చిల్లర.
- నీళ్ల సీసా.
- చిన్న నోటు పుస్తకం, పెన్ను. ఎందుకో ఐదో మెట్టులో చెప్తాను.

సొంత కారు ఈ జాబితాలో లేదు. కారులో బెంగళూరు వచ్చినా, దాన్ని బస దగ్గర వదిలేసి తిరగండి.

1. ముందు తేదీ సరిచూసుకోండి

టికెట్లు తీసుకునే ముందే క్యాలెండరు చూడండి. జనవరి 26, ఆగస్టు 15, అక్టోబరు 2 తేదీల్లో మద్యం అమ్మరు. ఆ ప్రాంతంలో ఎన్నికలు ఉంటే పోలింగు ముగిసే సమయానికి ముందు 48 గంటల పాటు మూసేస్తారు. ఓట్ల లెక్కింపు రోజు కూడా అంతే. సెలవు కలిసొచ్చిందని ఆగస్టు 15 పక్కన ఉన్న వారాంతాన్ని ఎంచుకుని, ఊరంతా మూసి ఉంటే హోటలు గదిలో కూర్చున్నవారు నాకు తెలుసు.

టిఫిను హోటళ్ల వారపు సెలవులు మరీ ముఖ్యం. గాంధీ బజారులోని విద్యార్థి భవన్‌కు శుక్రవారం సెలవు. లాల్‌బాగ్ రోడ్డులోని ఎం.టి.ఆర్.కు సోమవారం సెలవు. శంకరపురంలోని బ్రాహ్మిన్స్ కాఫీ బార్‌ను ఆదివారం తెరవరు. అంటే వారాంతంలో శనివారం ఉదయం ఒక్కటే మూడూ తెరిచి ఉండే వేళ. మూడూ ఒకదానికొకటి దగ్గరలోనే ఉన్నాయి. అందుకే శుక్రవారం రాత్రి బయలుదేరి శనివారం తెల్లవారేసరికి దిగే రైలు గానీ బస్సు గానీ ఎంచుకోండి. కాచిగూడ నుంచి యశ్వంతపూర్‌కు 2023 సెప్టెంబరు నుంచి వందే భారత్ నడుస్తోంది. బాగుంటుంది, కాని అది తెల్లవారుజామున బయలుదేరి మధ్యాహ్నానికి చేరుస్తుంది. ఈ ప్రయాణానికి అది పనికిరాదు. శనివారం ఉదయం పోతే సగం ప్రయాణం పోయినట్టే.

2. బస ఎక్కడ?

ఇందిరానగర్, ఎం.జి. రోడ్డు, ట్రినిటీ, ఈ మూడు మెట్రో స్టేషన్లలో ఏదో ఒకదానికి దగ్గరగా చూసుకోండి. మూడూ పర్పుల్ లైనులో ఉన్నాయి. మంచి మైక్రోబ్రూవరీలు, అంటే బీరును అక్కడే కాచి పోసే చోట్లు, అటువైపే ఎక్కువ. బీరు తాగిన తర్వాత వెళ్లాల్సిన దూరం తక్కువగా ఉండాలి. టిఫిను కోసం దక్షిణానికి వెళ్లడం పొద్దున పూట కాబట్టి అది కష్టం కాదు. మెజెస్టిక్‌లో గ్రీన్ లైనుకు మారితే నేషనల్ కాలేజి, లాల్‌బాగ్ స్టేషన్లు వస్తాయి.

మెట్రో రాత్రి 11 గంటల ప్రాంతంలో ఆగిపోతుంది. ఆదివారం ఉదయం మామూలు రోజుల కన్నా ఆలస్యంగా మొదలవుతుంది. ఈ రెండూ గుర్తుంచుకోండి.

3. తిండి వేళలు రాసుకోండి, బీరును వాటి మధ్య ఇరికించండి

చాలామంది ముందు పబ్బులు ఎంచుకుని, ఆకలేసినప్పుడు పక్కన ఏది ఉంటే అది తింటారు. దాన్ని తిరగేయండి. బెంగళూరు పాత తిండికి గడియారం ఉంది. పబ్బుకు లేదు. అది రాత్రి 1 గంట దాకా తెరిచే ఉంటుంది.

*శనివారం ఉదయం 7 గంటలు.* బసవనగుడి. 1943లో మొదలైన విద్యార్థి భవన్‌కు 7 గంటలకు ముందే చేరండి. 8 దాటితే పేరు రాయించుకుని ఎదురుచూడాలి. అక్కడి మసాలా దోసె మన వైపు దోసెలా కాగితంలా ఉండదు. చిన్నగా, మందంగా, బయట కరకరలాడుతూ లోపల మెత్తగా ఉంటుంది. చట్నీతోనే ఇస్తారు, సాంబారు కోసం చూడకండి. మోచేతి దాకా దోసె పళ్లేలు పేర్చుకుని వచ్చే వడ్డనవారిని చూడటం కూడా ఆ టిఫినులో భాగమే. ఇద్దరు వెళ్తే ఒక్కొక్క దోసెతో ఆపండి. ఎందుకంటే అక్కడి నుంచి నడిచి బ్రాహ్మిన్స్ కాఫీ బార్‌కు వెళ్లాలి. 1965 నాటి చిన్న కొట్టు. ఇడ్లీ, వడ, ఖారా బాత్, కేసరి బాత్, కాఫీ, దాదాపు అంతే. వీధిలో నిలబడే తినాలి. చట్నీ ఎన్నిసార్లయినా వేస్తారు. ఇద్దరి మధ్య ఒక కాఫీ చాలనుకుంటే "బై టు" అంటే చాలు, రెండు చిన్న గ్లాసుల్లో పోసి ఇస్తారు.

ఎం.టి.ఆర్. 1924 నాటిది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బియ్యం దొరకని రోజుల్లో రవ్వ ఇడ్లీని పుట్టించింది తామేనని వాళ్లు చెప్పుకుంటారు. ఒకే ఉదయం మూడు చోట్లా తినగలనని అనుకోకండి. రవ్వ ఇడ్లీ మీద మనసుంటే విద్యార్థి భవన్ బదులు ఇక్కడికి రండి.

*శనివారం మధ్యాహ్నం 12:30.* మాంసం తినేవారికి మిలిటరీ హోటలు. మన పాఠకులు చాలామంది దీన్ని వదిలేస్తారు, నాకు బాధగా ఉంటుంది. శాకాహార హోటళ్లకు వేరుగా మాంసం వండే హోటళ్లను బెంగళూరులో మిలిటరీ హోటళ్లంటారు. రాగి ముద్ద, మటన్ సారు, కైమా ఉండలు, నాటుకోడి, ఆకు దొన్నెలో వడ్డించే దొన్నె బిర్యాని. రాయలసీమవారికి ముద్ద కొత్త కాదు, అది మన సంగటి తోబుట్టువే. నమలకుండా, సారులో ముంచి మింగేయాలి. దొన్నె బిర్యానిలో బాస్మతి ఉండదు. చిన్న గింజ బియ్యం, పుదీనా, కొత్తిమీరల పచ్చ రంగు. హైదరాబాదు బిర్యానితో పోల్చుకుంటూ తింటే రెండింటికీ అన్యాయం చేసినట్టే. జయనగరంలోని శివాజీ మిలిటరీ హోటల్ పేరున్నది. మధ్యాహ్నం 2 దాటితే మంచివన్నీ అయిపోతాయి. ఒంటిగంటకు ముందే కూర్చోండి.

మాంసం తినేవారికే మరో దారి, రెసిడెన్సీ రోడ్డులో 1984 నుంచి ఉన్న నాగార్జున. "బెంగళూరు వెళ్లి ఆంధ్ర భోజనమా?" అని అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. కాని అరిటాకు మీద పప్పు, పొడి, నెయ్యి, పక్కన చిల్లీ చికెన్, ఇదంతా ఇప్పుడు బెంగళూరు సొంత తిండి. ఆ వరుసలో మీ పక్కన నిలబడేది కన్నడిగులు, తమిళులు, మలయాళీలు. మన భోజనం మరో ఊరిలో ఎలా పాతుకుపోయిందో చూడాలంటే ఒక పూట కేటాయించవచ్చు.

*శనివారం సాయంత్రం 4 గంటలు.* మొదటి బ్రూవరీ. అవును, 4 గంటలకే. దీని గురించి తర్వాతి మెట్టు.

*ఆదివారం ఉదయం.* మల్లేశ్వరం. సి.టి.ఆర్.లో బెన్నె మసాలా దోసె. బెన్నె అంటే వెన్న. దాన్ని వేళ్లతో తినాలి, వెన్న చేతికి అంటాలి. దగ్గరలోని వీణా స్టోర్స్‌లో ఇడ్లీ. 8 గంటలకు ముందు చేరితే రెండూ తీరిగ్గా అవుతాయి.

*ఆదివారం మధ్యాహ్నం.* రెండో బ్రూవరీ, తిండితో కలిపి. రైలుకు కనీసం ఐదు గంటల ముందు ముగించండి.

డిసెంబరు, జనవరిల్లో వెళ్తే ఈ పట్టికలో ఒకటి మార్చండి. శనివారం సాయంత్రం బీరును 6:30కు ఆపేసి వి.వి. పురం తిండి వీధికి వెళ్లండి. అది అనపకాయల కాలం (సొరకాయ కాదు, చిక్కుడు జాతి కాయ). చిత్తూరు, అనంతపురం ఇళ్లలో పితికిపప్పు అని మనం వండుకునేదాన్ని అక్కడ దోసెలో, ఉప్మాలో, వడలో, చివరికి మిఠాయిలో కూడా వేస్తారు. వేరే కాలంలో ఆ రుచి దొరకదు.

4. రెండే బ్రూవరీలు ఎంచుకోండి, ఖాళీ వేళలో వెళ్లండి

రెండు రోజులకు రెండు. మూడోది వద్దు. ఒకసారి నేను ఒకే రాత్రి నాలుగు చోట్ల తిరిగాను. మూడో చోట తాగినది ఏమిటో మర్నాడు గుర్తు లేదు. ఆ డబ్బుతో రెండు సార్లు ప్రశాంతంగా కూర్చుని ఉండవచ్చు.

మైక్రోబ్రూవరీ అంటే బీరును అక్కడే కాచి, అక్కడి ట్యాంకుల నుంచే పోసే చోటు. మెనూలో "క్రాఫ్ట్" అని రాసి సీసాలో బీరు ఇచ్చే బార్లు చాలా ఉన్నాయి. అవి చెడ్డవని కాదు, కాని మీరు అంత దూరం వచ్చింది దానికి కాదు. గుర్తుపట్టడం సులభం. లోపల స్టీలు ట్యాంకులు కనిపిస్తాయి. కనిపించకపోతే "ఇక్కడే కాస్తారా?" అని నేరుగా అడగండి.

నా ఎంపికలు ఇవి. ఇందిరానగర్ 100 అడుగుల రోడ్డులోని టాయిట్. బెంగళూరులో ఈ ఉత్సాహాన్ని మొదలుపెట్టిన తొలి చోట్లలో ఒకటి. మొదటిసారి వచ్చేవారికి నేను చెప్పేది ఇదే. మాగ్రత్ రోడ్డులోని ఆర్బర్. అమెరికాలోని యాన్ ఆర్బర్ పట్టణంలో పుట్టిన బ్రూవరీ పేరుతో 2012లో వచ్చింది. చేదు ఇష్టపడేవారు ఇక్కడి రేజింగ్ ఎలిఫెంట్ ఐ.పి.ఎ. (ఇండియా పేల్ ఏల్ అనే చేదు రకం బీరు) కోసం రావాలి. వైట్‌ఫీల్డ్‌లోని విండ్‌మిల్స్ మూడోది. అక్కడ జాజ్ కచేరీలు జరుగుతాయి, గోడల నిండా పుస్తకాలు ఉంటాయి. ఖర్చు ఎక్కువ, దూరం ఎక్కువ, మెట్రోలో వెళ్లినా సగం రోజు పడుతుంది. కచేరీ ఉన్న రోజైతే మిగతా రెంటిలో ఒకదాన్ని మానేసి దీనికి వెళ్లండి.

ఇక వేళ. శనివారం సాయంత్రం 4 నుంచి 6:30, ఆదివారం 12 నుంచి 2:30. ఈ వేళల్లో మీకు బల్ల దొరుకుతుంది, మాట వినబడుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, వడ్డించేవారికి మీతో మాట్లాడే తీరిక ఉంటుంది. రాత్రి 9 గంటలకు ఏ బీరు తాజాదని అడిగితే వాళ్లు జవాబు చెప్పలేరు. తప్పు వాళ్లది కాదు.

రాత్రికే వెళ్లక తప్పకపోతే ముందుగా ఫోను చేసి బల్ల కేటాయించుకోండి. శనివారం రాత్రి కేటాయింపు ఇవ్వని చోట్లు ఉన్నాయి. అప్పుడు 6:30కే వెళ్లి కూర్చోండి.

5. ముందు చిన్న గ్లాసులు

కూర్చోగానే పెద్ద గ్లాసు చెప్పకండి. శాంప్లర్ అడగండి. ఆ రోజు ట్యాపులో, అంటే పోసే కొళాయిల్లో, ఉన్న బీర్లన్నీ చిన్న గ్లాసుల్లో వరుసగా తెస్తారు. ఇద్దరికి ఒక శాంప్లర్ చాలు.

తేలికైన దాని నుంచి బరువైన దానికి వెళ్లండి. గోధుమ బీర్లు ముందు, తర్వాత ఎర్రనివి, ఆ తర్వాత ఐ.పి.ఎ., చివర నల్లని స్టౌట్. చేదు ఎక్కువున్న ఐ.పి.ఎ. ముందు తాగితే తర్వాత గోధుమ బీరు నీళ్లలా అనిపిస్తుంది. తెచ్చినవారు వరుస చెప్తారు. నోటు పుస్తకంలో ఒక్కో పేరు ఎదురుగా రెండు మాటలు రాయండి: "అరటిపండు వాసన", "కాఫీ చేదు", "పుల్లన". నాలుగో గ్లాసు తర్వాత ఏది ఏమిటో కలిసిపోతుంది. రాసుకుంటే పోదు. నచ్చినదాన్ని ఒక్కటే పెద్ద గ్లాసు చెప్పండి.

టాయిట్ వైస్ వంటి జర్మన్ రకం గోధుమ బీరులో అరటిపండు, లవంగం వాసన వస్తుంది. పండు గానీ మసాలా గానీ కలపరు, అది బీరును పులియబెట్టే ఈస్ట్ పని. టాయిట్‌లోనే దొరికే టిన్‌టిన్ వంటి బెల్జియన్ రకంలో మాత్రం ధనియాలు, నారింజ తొక్క నిజంగానే వేస్తారు. అక్కడి బాస్మతి బ్లాండ్ పేరులోనే ఉంది, బియ్యం. కొత్తవారికి ఈ మూడూ సులభంగా నచ్చుతాయి.

అడగవలసిన ప్రశ్న ఒకటే: "ఈ వారం కొత్తగా ట్యాపులోకి వచ్చింది ఏది?" "ఏది బాగుంటుంది?" అని అడిగితే ఎక్కువ అమ్ముడయ్యేది చెప్తారు. కొత్తది ఏదని అడిగితే తాజాది చెప్తారు. ఆ కాలానికే చేసిన ప్రత్యేక బీరు ఉంటే దాన్ని వదలకండి, మళ్లీ వచ్చేసరికి ఉండదు.

6. గ్లాసు చేతికి వచ్చాక ఇలా పరీక్షించండి

బీరు బాగుందో లేదో తెలుసుకోవడానికి నిపుణులు కానక్కర్లేదు. కన్ను, ముక్కు, నాలుక, ఈ వరుసలో వెళ్లండి.

కన్ను: గ్లాసు లోపలి గోడకు బుడగలు అంటుకుని ఉంటే గ్లాసు సరిగా కడగలేదు, జిడ్డో సబ్బో మిగిలింది. మరో గ్లాసులో ఇమ్మనండి. పైన రెండు వేళ్ల నురగ ఉండాలి. నురగ వద్దు, నిండా పోయమని చెప్పడం పొరపాటు. వాసన నురగలోనే ఉంటుంది. తాగుతుంటే శుభ్రమైన గ్లాసు గోడల మీద నురగ గీతలు గీతలుగా మిగులుతుంది. గోధుమ బీరు మసకగా ఉండటం సహజం. మామూలు సీసాల్లో దొరికే లాగర్ రకం మాత్రం తేటగా ఉండాలి.

ముక్కు: ఒక గుక్క తాగే ముందు వాసన చూడండి. ఈ కిందివి దోషాలు.

- కరిగిన వెన్న వాసన: సరిగా మాగక ముందే పోశారు, లేదా గొట్టాలు శుభ్రంగా లేవు.
- ఉడికించిన మొక్కజొన్న, క్యాబేజీ వాసన: కాచడంలో లోపం.
- పచ్చి యాపిలు వాసన: బీరు ఇంకా పసిది.
- తడిసిన అట్టపెట్టె వాసన: గాలి తగిలి పాతబడింది.
- వెనిగరు పులుపు: చెడిపోయింది. పుల్లని బీరు అని మెనూలోనే రాసి ఉంటే అది వేరు.

నాలుక: మరీ చల్లగా ఉంటే ఏ రుచీ తెలియదు. మంచు పట్టిన గ్లాసు వద్దనండి. స్టౌట్ అయితే పది నిమిషాలు బల్ల మీద ఉంచి తాగండి, అప్పుడు కాఫీ, చాక్లెట్ రుచులు బయటికి వస్తాయి.

ఒకసారి నాకు ఒకచోట వచ్చిన లాగర్ నుంచి పాప్‌కార్న్ పొట్లం విప్పినట్టు వెన్న వాసన కొట్టింది. "ఇందులో వెన్న వాసన వస్తోంది, ఒకసారి చూస్తారా?" అన్నాను. ఆయన తీసుకెళ్లి లోపల అడిగి వచ్చి, వేరే బీరు తెచ్చిపెట్టారు. గొంతు పెంచలేదు, సగం తాగి చెప్పలేదు. మొదటి గుక్కలోనే, మర్యాదగా చెప్పండి. ఇష్టంగా బీరు కాచేవారికి అది ఉపయోగపడే మాట. అయితే ఒక జాగ్రత్త. మీకు రుచి నచ్చకపోవడం వేరు, బీరు చెడిపోవడం వేరు. చేదుగా ఉందని ఐ.పి.ఎ. వెనక్కి పంపకూడదు.

7. బీరుతో ఏం తినాలి

మన నాలుకకు కారం కావాలి. కారానికి ఐ.పి.ఎ. సరిపడదు. బీరుకు చేదునిచ్చే హాప్స్ పువ్వుల చేదు మిరపకాయ మంటను పెంచుతుంది. కారంగా ఉన్న కోడి వేపుడు, పెప్పర్ మటన్ వంటివి చెప్పుకుంటే గోధుమ బీరు తాగండి. ఐ.పి.ఎ.తో ఉప్పగా, కొవ్వుగా ఉండేవి, అంటే చీజు, వేయించిన బంగాళాదుంప, బర్గరు మంచివి. స్టౌట్‌తో కాల్చిన మాంసం గానీ, చివర్లో చాక్లెట్ మిఠాయి గానీ.

మొదటి గ్లాసు వాసన, రుచి చూసిన తర్వాతే నూనె వంటకాలు తెప్పించండి. పెదవులకు నూనె అంటితే నురగ క్షణంలో చచ్చిపోతుంది, అప్పుడు గ్లాసును తప్పుపడతాం. ఖాళీ కడుపుతో మాత్రం ఎప్పుడూ మొదలుపెట్టకండి. 12:30కు ముద్ద, సారు తిని 4 గంటలకు బీరు అన్న వరుస అందుకే పెట్టాను.

8. లెక్క పెట్టుకోండి

"బీరే కదా" అనుకోవడం దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు. 500 మిల్లీలీటర్ల గ్లాసులో 5 శాతం బీరు ఉంటే అందులో ఆల్కహాలు 25 మిల్లీలీటర్లు. 42.8 శాతం ఉండే విస్కీ చిన్న పెగ్గు, అంటే 30 మిల్లీలీటర్లలో దాదాపు 13. అంటే ఆ ఒక్క గ్లాసు రెండు చిన్న పెగ్గులు. అదే గ్లాసులో 7 శాతం ఐ.పి.ఎ. ఉంటే మూడు పెగ్గులకు కాస్త తక్కువ. శాంప్లర్ చిన్నదిగా కనిపిస్తుంది. ఆరు గ్లాసులు, ఒక్కొక్కటి 100 మిల్లీలీటర్లు అయితే 600 అయింది.

కాబట్టి మెనూలో రెండు అంకెలు చూడండి: గ్లాసు పరిమాణం, ఆల్కహాలు శాతం. ఒక పూటకు ఇద్దరి మధ్య ఒక శాంప్లర్, తర్వాత ఒక్కొక్కరికి ఒక పెద్ద గ్లాసు. అక్కడితో ఆపండి. ప్రతి గ్లాసుకు ఒక గ్లాసు మంచినీళ్లు.

వాహనం ముట్టుకోవద్దు. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాలు దాటితే నేరం. మొదటిసారికే 10,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. అద్దె స్కూటరుకు కూడా ఇదే చట్టం. మెట్రో, ఆటో, క్యాబు ఉన్నాయి. సాయంత్రం 6:30కు బయటపడేవారికి మెట్రో ఖాళీ లేకపోవచ్చు, కాని ఉంటుంది. రాత్రి 1 గంటకు బయటపడేవారికి క్యాబు దొరకడమే కష్టం.

9. బిల్లు చదవండి

మద్యం జీఎస్టీ పరిధిలో లేదు. బీరు మొత్తం మీద జీఎస్టీ వేసి ఉంటే అడగండి. తిండి మీద మామూలు రెస్టారెంట్లలో 5 శాతం. సర్వీసు ఛార్జి మీ ఇష్టం. దాన్ని బిల్లులో తమంతట తాము కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలో మార్గదర్శకాలు ఇచ్చింది. వద్దంటే తీసేయాలి. తీయకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయవచ్చు. నేనైతే సర్వీసు ఛార్జి తీయించి, మాకు వడ్డించినవారి చేతిలోనే ఏదో కొంత పెడతాను.

పొరపాట్లు జరిగేది ఇక్కడే

శనివారం ఉదయం నిద్రపోవడం మొదటిది. రాత్రి ప్రయాణం చేసి వచ్చాం, 10 గంటలకు లేద్దామనుకుంటారు. టిఫిను అయ్యాక మధ్యాహ్నం పడుకోండి, 2 నుంచి 3:30 దాకా ఖాళీయే.

ఇంటికి బీరు తీసుకెళ్లాలనుకోవడం రెండోది. మైక్రోబ్రూవరీ బీరును పాశ్చరైజ్ చేయరు, అంటే నిలవ ఉండేలా వేడి చేయరు. ప్రయాణంలో వేడెక్కి, గాలి పోయి, ఇంటికి చేరేసరికి అది మీరు తాగిన బీరు కాదు. రాష్ట్రం దాటించడానికి ఎక్సైజు నిబంధనలు వేరే ఉన్నాయి.

మూడోది, చూసిన ప్రతి పేరునూ జాబితాలో కలుపుకోవడం. బెంగళూరు ట్రాఫిక్‌లో ఒక చివర నుంచి మరో చివరకు రెండు గంటలు పడుతుంది. ఒక్క పూటకు ఒక్క పేట. దక్షిణం ఉదయం, తూర్పు సాయంత్రం.

ఇక భాష. అక్కడ తెలుగు అర్థమయ్యేవారు చాలామంది ఉన్నారు, నిజమే. అయినా "ఒందు మసాలె దోసె కొడి" అని కన్నడంలో మొదలుపెట్టండి. రెండో వాక్యానికి వాళ్లే తెలుగులోకి వస్తారు. ఎదుటివారి ఊరిలో వారి మాటతో మొదలుపెట్టడం మన మర్యాద.

సరిగ్గా జరిగిందో లేదో ఎలా తెలుస్తుంది?

ఆదివారం సాయంత్రం నోటు పుస్తకం తీయండి. రెండు బ్రూవరీలలో తాగినవి ఏమిటో, అందులో నచ్చినది ఎందుకు నచ్చిందో మీరే చదివి చెప్పగలగాలి. ఎక్కడా అరగంటకు మించి వరుసలో నిలబడి ఉండకూడదు. ఆదివారం పొద్దున తలనొప్పి ఉండకూడదు. ఈ మూడింటిలో ఒకటి తప్పితే మూడో మెట్టుకు వెళ్లి వేళలు సరిచూసుకోండి, తప్పు దాదాపు ఎప్పుడూ అక్కడే ఉంటుంది.

బెంగళూరు దాకా వెళ్లలేనివారికి హైదరాబాదులోనే, జూబ్లీ హిల్స్, గచ్చిబౌలి వైపు మైక్రోబ్రూవరీలు ఉన్నాయి. నాలుగు నుంచి తొమ్మిది దాకా ఉన్న మెట్లన్నీ అక్కడా పనిచేస్తాయి.

రైలెక్కే ముందు గంట మిగిలితే మల్లేశ్వరంలోనో గాంధీ బజారులోనో కాఫీ పొడి కొట్టుకు వెళ్లండి. కళ్ల ముందే గింజలు పొడి చేసి ఇస్తారు. చికోరీ ఎంత కలపాలని అడుగుతారు. 80 పాళ్లు కాఫీకి 20 చికోరీ చెప్పండి, పావు కిలోకు మించి కొనకండి. రెండు వారాలు దాటితే ఆ వాసన ఉండదు.